పక్కింట్లో ఉంటుందిలే అనుకున్నాం

మా చేలో వేపచెట్టు కింద ఏటా నాలుగు నెలలు ఒక మట్టికుప్ప ఉండేది. నడుమెత్తు. పైన పేడా ఎర్రమట్టీ కలిపి మెత్తిన పూత. మాఘం పోతుండగా లేచేది, మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక విప్పేవాళ్లం. చిన్నప్పుడు దానిమీదికెక్కి కూర్చుంటే జేజి (మా నాయనమ్మ) చేతిలో ఏముంటే దాంతో ఒక్కటేసేది. దేవుని గద్దె మీద కూర్చున్నా ఆమెకు అంత కోపం రాదేమో. ఆ కుప్పలో ఉండేది పసుపు విత్తనం, ఒక ఎకరాకు సరిపడా పది క్వింటాళ్లు.

ఈ ఉగాది ముందురోజు కడప జిల్లా ఖాజీపేట అంగట్లో పసుపు ప్యాకెట్ కొన్నాను. వంద గ్రాములు. గడపకు పూయడానికి అమ్మ తెమ్మంది. ప్యాకెట్ మూల పళ్లతో చించి, గిన్నెలో నీళ్లు కలిపి, వంగి గడపకు పూసింది. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే, ఒక మాట తిట్టి ఉంటే, నేనిది రాయకపోదునేమో.

మా సీమ గురించి ఎవరు రాసినా కరువుతో మొదలుపెడతారు. నేనూ అట్లాగే మొదలుపెట్టి రెండు కాగితాలు నింపి చించేశాను. నెపం కేసీ కాలువ మీదికి తోసేయడం సులువు. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డం కట్టి, కర్నూలు నుంచి కడప దాకా పడవలు కూడా నడపాలని తవ్విన కాలువ అది. గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. పడవలు పోయి నీళ్లు మిగిలాయి. బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు రాసిచ్చింది. తోక దగ్గరున్న మాకు ఏ ఏడు ఎన్ని అందాయో మా చేలలోని బోర్లను చూస్తే తెలుస్తుంది. పసుపు తొమ్మిది నెలల పంట, సంక్రాంతి దాకా తడి ఆరకూడదు. ఇవన్నీ నిజాలే. కానీ మా విత్తనం పోయింది నీళ్లు లేని ఏట కాదు. 2002 కరువులో జేజి బావి అడుగు నీళ్లతో పది సాళ్లు బతికించింది. పంట కోసమని కాదు, మరుసటి ఏటి విత్తనం కోసం. ఆ కరువు దాటి వచ్చిన విత్తనాన్ని బాగా పండిన ఏట, ధర బాగా పలికిన ఏట పోగొట్టుకున్నాం. అందుకే ఆ రెండు కాగితాలూ చించేశాను.

బడిలో నేను తెలుగు చెబుతాను. వసంతం పాఠం వచ్చినప్పుడల్లా మావిచిగుర్లు, కోయిలలు అంటూ వివరిస్తాను. నాకు తెలిసిన వసంతం మాత్రం ఉడికే పసుపు వాసన. ఆకు పండి వాలిపోయాక నేలబారుగా కోసేసి, ఒక తడి ఇచ్చి, నేల మెత్తబడ్డాక తవ్వకం మొదలయ్యేది. మగవాళ్లు తవ్వుకుంటూ పోతే ఆడవాళ్లు వెనక కూర్చుని మట్టి విదిలించి, తల్లి దుంప ఒక పక్కకు, కొమ్ము ఒక పక్కకు వేసేవాళ్లు. వీధి మొత్తానికి ఉడకబెట్టే కొప్పెరలు రెండే. ఇవాళ మా కళ్లంలో ఉంటే ఎల్లుండి చిన్నాయన కళ్లంలో. కొప్పెర ఎవరి కళ్లంలో ఉంటే వీధి అక్కడ ఉండేది. కూలి లేదు, ముయ్యి లెక్క. మా పనికి వాళ్లు నాలుగు రోజులొస్తే వాళ్ల పనికి మేం నాలుగు రోజులు పోవాలి.

నేలలో గాడి తవ్వి, కందికంప, ఎండిన పసుపాకు మంట వేసేవాళ్లు. కొప్పెర మీద పసుపాకు కప్పి గోనెపట్టా వేసేవాళ్లు. ముప్పావు గంట గడిచేసరికి అంచుల వెంట నురగ పొంగేది, తెల్లటి ఆవిరి లేచేది, అదొక ఘాటైన వాసన ఊరి బయట రోడ్డు దాకా కొట్టేది. అప్పుడు జేజి గోనె పైకెత్తి ఒక కొమ్ము తీసి ఈనెపుల్ల గుచ్చేది. పుల్ల ఆగకుండా దిగితే ఉడికినట్టు. ఎక్కువ ఉడికితే రంగు పోతుంది, తక్కువ ఉడికితే పెళుసెక్కుతుంది. తర్వాత కళ్లంలో రెండంగుళాల మందాన పరిచి, పగలు తిరగేస్తూ, రాత్రి కప్పుతూ పది పదిహేను రోజులు ఎండబెట్టేవాళ్లు. ఐదు బస్తాల పచ్చిది ఎండితే ఒక బస్తా. ఎండిందీ లేనిదీ చెవికి తెలిసేది. విరిస్తే కంచు మోగినట్టు టంగుమనాలి.

ఉగాదినాడు ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోతారని కడప వాళ్లకు చెప్పక్కర్లేదు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ అని, స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ల లెక్క. పక్క చేని ముస్లిం ఇంటి పెద్దామె ఏటా ఉగాది ముందురోజు మా కళ్లానికి వచ్చి, టెంకాయ సంచిలో వేసుకోవడానికి రెండు కొత్త కొమ్ములు అడిగి తీసుకునేది. వాళ్ల చేలో పసుపు లేక కాదు. మా కళ్లంలోది మొదట ఎండేది, అంతే. ఆమె ఆఖరుసారి ఎప్పుడు అడిగిందో నాకు గుర్తులేదు. అడగడం మానేసిన ఏడు, ఎందుకు రాలేదని కూడా మేం అనుకోలేదు.

ఉడకబెట్టేది ఇంటిల్లిపాది పని. విత్తనం మాత్రం జేజి పని. కార్తీకంలోనే చేలో తిరిగి, తాటాకు తెగులు తగలని చోట, దుంపకుళ్లు ఛాయ లేని చోట సాళ్ల మొదట కందిపుల్లలు గుచ్చి వచ్చేది. ఆ సాళ్లు ఆఖర్న తవ్వాలి. తవ్వినవాటిని నీడన ఆరనిచ్చి, దెబ్బ తగిలినవి ఏరేసి, వేపచెట్టు మొదట్లో ఇసుక పరిచి కుప్ప పోసేది. పైన పసుపాకు, ఆపైన పేడమట్టి. ఒక పక్క మాత్రం చెయ్యి దూరేంత సందు వదిలేది. వారానికొకసారి మోకాళ్ల మీద కూర్చుని మోచేతి దాకా ఆ సందులోకి చెయ్యి పోనిచ్చి, కళ్లు మూసుకుని కాసేపు అట్లాగే ఉండేది. ఒక్కోసారి ఊరికే లేచి పోయేది. ఒక్కోసారి ‘ఈ పక్క ఉడుకెక్కతాండాది’ అని విప్పించి కుళ్లినవి తీయించేది. ఆ చేతికి ఏది తెలిసేదో, ఎంత వేడికి విప్పాలో, ఎంత వేడికి వదిలేయాలో నేను అడగలేదు. వేలకొద్దీ పేజీలు పిల్లలచేత రాయించినవాణ్ణి, జేజి చెయ్యి గురించి ఒక్క వాక్యం రాసుకోలేదు. రాసుకోవాల్సిన విషయమని తోచలేదు. చదువుకున్నందువల్లే తోచలేదేమో అని ఇప్పుడు అనుమానం.

ఆ విత్తనానికి మా ఇంట్లో పేరు లేదు. ‘మన పసుపు’ అంతే. చాలా ఏళ్ల తర్వాత ఒక వ్యవసాయ పుస్తకంలో రకాల పట్టిక కనబడింది. దుగ్గిరాల, ఆర్మూరు, టేకూరుపేట పేర్ల మధ్య ‘సీఎల్ఎల్ 326 మైదుకూరు’ అని ఉంది. దీర్ఘకాలిక రకం. మైదుకూరు మాకు పక్క ఊరు. మాది అచ్చంగా అదేనని ప్రమాణం చేసి చెప్పలేను, చెప్పడానికి చేతిలో ఒక కొమ్ము కూడా లేదు. కానీ పొడుగాటి కొమ్ము, నున్నటి చర్మం, తొమ్మిది నెలల కాలం, అన్నీ కలిశాయి. ఎక్కడో పరిశోధకులు మా నేల పేరు పెట్టి, అంకె వేసి పట్టికకెక్కించారు. దాని సొంత ఊళ్లో ఉన్న మేం, దానికి ఒక పేరుందని అది పోయాక చదువుకున్నాం.

ఎట్లా పోయిందో చెప్పాలి. వికృతి నామ సంవత్సర ఉగాది, 2010 మార్చి 16. అంతకు నాలుగైదేళ్ల ముందు క్వింటాలు రెండు మూడు వేలకు అమ్మిన పసుపు ఆ ఏడు పదివేలు దాటింది. పచ్చి విత్తనానికి కూడా ఎవరూ వినని ధర. అందరూ పసుపే వేయాలనుకుంటున్నారు మరి. పండగ వెళ్లిన మూడోరోజు ఒక వ్యాపారి వచ్చి వేపచెట్టు కింది కుప్ప బేరమాడాడు. నాయన వెంటనే ఒప్పుకోలేదు. ‘ఇత్తనం కదన్నా’ అని నసిగాడు. నేను సెలవుకు ఇంట్లో ఉన్నాను. గోడ క్యాలెండర్ చించిన కాగితం వెనక లెక్క వేసింది నేనే. ఇప్పుడు అమ్మితే ఎంత, జూన్‌లో కొంటే ఎంత, మధ్యలో మిగిలేదెంత. ‘డబ్బు చేతిలో ఉంటే ఇత్తనం యాడైనా దొరుకుతాది నాయనా’ అన్నదీ నేనే. 

జేజి అరుగు మీద కూర్చుని విన్నది. ‘మళ్ల ఇదే ఇత్తనం యాడ తెస్తావబ్బీ?’ అని అడిగింది.

‘చిన్నాయనోళ్ల కాడ ఉంటాదిలే జేజీ’ అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఆరోజుకు చిన్నాయన కుప్ప చెక్కు చెదరకుండా ఉంది. నాలుగు రోజులకు ఆయనా విప్పాడు. మేం అమ్మేశామని ఆయనకు తెలుసు, పైవీధిలో ఉంటుందిలే అనుకున్నాడు. పైవీధి వాళ్లు దుంపలగట్టు ఊళ్లోని బంధువుల దగ్గర ఉంటుందిలే అనుకున్నారు. దుంపలగట్టు వాళ్లు ఎవరిని అనుకున్నారో తెలియదు, బహుశా మమ్మల్నే.

అది పూర్తిగా వెర్రి నమ్మకం కూడా కాదు. అంతకుముందు ఎన్నోసార్లు అట్లాగే గడిచింది. ఒక ఏడు మా కుప్ప కుళ్లిపోతే చిన్నాయన ఇచ్చాడు. ఇంకో ఏడు వాళ్ల చేలో నీళ్లు నిలబడి పోతే మేం ఇచ్చాం. బస్తా తీసుకుంటే తవ్వకాలప్పుడు బస్తాన్నర ఇవ్వాలి. ఊరంతా కలిసి ఒక గాదె. ఆ గాదెకు తాళం లేదు, కాపలా లేదు, ఎవరి పూచీ అని రాసుకున్నది లేదు. అందరిదీ కాబట్టి ఎక్కడో ఒకచోట ఉంటుంది అనే ధైర్యం. ఆ ధైర్యంతోనే అందరం ఒకే పక్షంలో, ఒకే ధరకు విప్పేశాం. 

జేజి చిన్నప్పుడు వాళ్ల పెద్దలు ధాత కరువు గురించి చెప్పేవాళ్లట. 1876–78 నాటి కరువు అది, కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. ఆకులలములు తిన్న రోజుల్లో కూడా తమ ఇంట్లో విత్తనపు జొన్న గురిగిలో వేసి, మూతికి మట్టి మెత్తి, దూలానికి కట్టి ఉంచారని, పిల్లలు దాన్ని చూస్తూ పడుకునేవాళ్లని ఆమె చెప్పేది. నిజమో, తరాలు మారి పెరిగిన కథో తెలియదు. నిజమే అయితే, ఆకలికి తట్టుకున్న ఇల్లు ధరకు తట్టుకోలేకపోయింది. మేం ఆరోజు ఆకలితో లేం. ఉగాది ఓళిగలు ఇంకా డబ్బాలో ఉన్నాయి.

జూన్‌లో లారీ మీద వచ్చిన విత్తనం కొన్నాం, అమ్మిన ధర కన్నా ఎక్కువ పెట్టి. ఏ రకమో తెచ్చినవాళ్లకూ సరిగా తెలియదు. అక్కడక్కడా దుంపకుళ్లు వచ్చింది. ఆ తర్వాత ఊళ్లోకి ప్రతిభ వచ్చింది. కోజికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ తెచ్చిన రకం, దిగుబడి ఎక్కువ, పసుపులో రంగునిచ్చే కుర్కుమిన్ ఎక్కువ. దాన్ని తప్పు పట్టను, మంచి రకమే. దాని పక్కన ఒక చిన్న మడిలో మన పసుపు కూడా ఉండవచ్చు కదా, ఒకటి రావాలంటే ఇంకోటి పోవాలని ఎవరూ శాసించలేదు. మడి ఇవ్వాలని మాకే తోచలేదు. నందన నామ సంవత్సరం వచ్చేసరికి, అంటే 2012కు, ధర సగానికన్నా కిందికి పడింది. పసుపు నష్టమని మానేశాం. మానేయడానికి కారణం చెప్పుకోవడం కూడా సులువైంది.

ఒక్క ఉగాదితో పోయిందని రాస్తే అదీ సగం నిజమే. అంతకు చాలా ముందే కుప్పకు పునాది కదిలింది. ట్రాక్టర్ బాడుగకు దొరకడం మొదలయ్యాక ఎద్దులు అమ్మేశాం. ఎద్దులు పోయాక పేడ అడుక్కోవాల్సి వచ్చింది. పేడ అడుక్కోవడం నామోషీ అనిపించి కుప్ప మీద టార్పాలిన్ కప్పాం. టార్పాలిన్ కింద ఉడుకెక్కి సగం కుళ్లితే, ఈ గొడవంతా ఎందుకన్నాం. ఆవిరితో ఉడకబెట్టే మిషన్ వచ్చింది, ఎకరా పసుపు ఒక్క పూటలో అయిపోయింది. దాన్ని తిట్టలేను. ఆ పొయ్యి పొగకు అమ్మ కళ్లు ఎట్లా ఎర్రబడేవో చూసినవాణ్ణి. కానీ మిషన్ వచ్చాక కళ్లంలో నలుగురు కూర్చునే పని లేకుండా పోయింది. నలుగురు కూర్చోకపోతే ఎవరి కుప్ప ఎట్లా ఉందో ఎవరికి తెలుస్తుంది? ‘మాది కుళ్లింది, మీదుందా?’ అని అడిగే చోటే లేకుండా పోయింది. ఒక్కొక్క సౌకర్యం విడిగా చూస్తే న్యాయమైనదే. వాటిని కలిపి ఎప్పుడూ చూసుకోలేదు మేం.

ఇక ఈ పదేళ్ల సంగతి. ఇది అన్నిటికన్నా కష్టం రాయడానికి, ఎందుకంటే ఇక్కడ జేజి లేదు, నాయన లేడు, వ్యాపారి లేడు. నేనే ఉన్నాను.

చేను గుత్తకిచ్చాం. మా వైపు గుత్త ఉగాది నుంచి ఉగాదికి. చేసుకునే అతను మా కన్నా మంచి రైతు. రెండేళ్ల కింద అతనే అడిగాడు, ‘సారూ, పసుపు ఏస్తా, మూడేండ్లకు రాసీండి’ అని. నేను నీళ్లు నమిలాను. పసుపు కుప్ప మాఘంలో లేచి మృగశిరకు విప్పేదని మొదట్లోనే రాశాను. ఉగాది దాని నడుమ వస్తుంది. ఉగాదికి చేను ఉంటుందో పోతుందో తెలియనివాడు ఎవరి చెట్టు కింద కుప్ప పోస్తాడు? ఎవరి మడిలో నాటుకోవడానికి నాలుగు నెలలు కాపలా కాస్తాడు? తవ్వింది తవ్వినట్టు ఉడకబెట్టి అమ్ముకుంటాడు, లేదా అసలు పసుపు జోలికే పోడు. విత్తనం నిలవాలంటే మొదట మనిషి నిలవాలి. నేను నిలవనివ్వలేదు. 

2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, యజమాని సంతకం పెడితే కౌలుదారుకు కార్డు, కార్డుంటే పంటరుణం, బీమా అడిగే దారి. భూమి మీద అతనికి ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. అది చదివి కూడా నేను సంతకం పెట్టలేదు. ‘మన బంధువుల్లో ఎవరు పెట్టారు?’ అనుకున్నాను. వాళ్లూ నన్ను చూసి అట్లాగే అనుకుని ఉంటారు. పీఎం కిసాన్ కింద ఏడాదికి 6 వేలు అమ్మ ఖాతాలో పడుతూనే ఉన్నాయి. ఆ నేలలో చెమట చిందించే మనిషికి రావు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అతను మర్యాదకొద్దీ ఎత్తలేదు, నేను సిగ్గుకొద్దీ ఎత్తలేదు. సిగ్గుకొద్దీ అంటున్నాను గానీ, అది సౌకర్యంకొద్దీ అనాలి.

జేజి పోయి పన్నెండేళ్లు. ఆఖరి రోజుల్లో మంచం మీద ఉండి కూడా ఫాల్గుణం వచ్చేసరికి ‘కుప్పకు సందు ఇడిసినారా?’ అని అడిగేది. ‘ఇడిసినాం జేజీ’ అనేవాళ్లం. ఇంట్లో అందరం ఆ మాట చెప్పాం, ఒకరికొకరం చెప్పుకోకుండానే.

పసుపు విత్తనం లెక్క నాకు తెలుసు. నాటినదానికి దాదాపు ఎనిమిది పది రెట్లు పచ్చి పసుపు వస్తుంది. అంటే ఏటా పంటలో ఎనిమిదో వంతు దాచుకుంటే చాలు, విత్తనం ఎప్పటికీ నిలుస్తుంది. మేం దాచుకోలేనిది ఆ ఎనిమిదో వంతు. ఆ లెక్కనే తిప్పి చూస్తే, పది కిలోలు దొరికినా చాలు. మొదటి ఏడు అవి క్వింటాలుకు దగ్గరవుతాయి. రెండో ఏడు ఆ క్వింటాలు ఎనిమిది పది క్వింటాళ్లవుతుంది. మూడో జూన్‌కు ఎకరా.

అందుకని అడుగుతున్నాను. ఖాజీపేట, మైదుకూరు, దువ్వూరు, చాపాడు, ప్రొద్దుటూరు వైపు చదువుతున్నవాళ్లు ఒకసారి మీ పెరట్లో, బావిగట్టున, పాత గుడి వెనక, ఎవరూ వేయకపోయినా ఏటా మొలిచే పసుపు దుబ్బులుంటే చూడండి. కొమ్ము పొడుగ్గా, నున్నగా ఉంటుంది. ఆకు పండటానికి మాఘం దాకా పడుతుంది. పక్కింట్లో ఉంటుందిలే అనుకోకండి, మీ ఇంట్లోనే చూడండి. కనబడితే కబురు చేయండి, నేనే వచ్చి తవ్వి తెచ్చుకుంటాను. బస్తాకు బస్తాన్నర మామూలు ప్రకారం తిరిగి ఇస్తాను. మా చేను చేసుకునే అతనికి ఈ ఉగాదికి మూడేళ్లకు కాగితం రాసిచ్చాను. సంతకం పెట్టాను. వేపచెట్టు కింద ఇసుక తోలించి పెట్టాం.